రిమాండ్‌లో ఉన్న మా చిన్నాన్నకి కాలి పుండు ముదిరింది, ఎస్కార్ట్ లేదని ఆసుపత్రికి తీసుకెళ్లట్లేదు. బాధ్యత ఎవరిది?

తుంగభద్ర_తీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. చట్టం తెలిసినవాళ్లు, జైలు వ్యవహారాలు దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

మా చిన్నాన్నకి అరవై దగ్గర పడుతున్నాయి. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా పెద్దదై రెండు కుటుంబాలూ కొట్టుకున్నాయి, అవతలి వాళ్లలో ఇద్దరికి తలలు పగిలాయి. హత్యాయత్నం సెక్షన్ పెట్టి మా వైపు నుంచి చిన్నాన్ననీ ఇంకో ఇద్దరినీ రిమాండ్‌కి పంపారు. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, దాని గురించి నేనిక్కడ అడగట్లేదు. ఆయనకి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకోవాలి. లోపలికి వెళ్లేనాటికే కుడికాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు ఉంది. ఇప్పుడది పాదం కిందకి పాకింది, రసి కారుతోంది, వాసన వస్తోంది, పక్కవాళ్లు దూరంగా పడుకుంటున్నారు అని ములాఖత్‌లో ఆయనే చెప్పుకుని ఏడ్చారు. మా చిన్నాన్న కంటనీళ్లు పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరం చూడలేదు.

జైలుకొచ్చే డాక్టర్ గారు చూశారట. సర్జన్‌కి చూపించాలి, జిల్లా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి అని రాశారట కూడా. అక్కడితో ఆగిపోయింది. జైలు గేటు దగ్గర అడిగితే ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసు ఎస్కార్ట్ రావాలి, మేం రాశాం, వాళ్లు పంపట్లేదు అంటున్నారు. ఏఆర్ ఆఫీసుకి మా తమ్ముడు వెళ్తే బందోబస్తులు ఉన్నాయి, అయినా మాకు ఆ లెటర్ అందిందో లేదో చూడాలి అన్నారు. ఆసుపత్రి వాళ్లనడిగితే మనిషిని తీసుకొస్తే చూస్తాం, తీసుకురాకపోతే మేమేం చేస్తాం అన్నారు, అదీ నిజమే. మా వకీలు బెయిల్ పిటిషన్ వేశాను కదా, అది వచ్చేస్తే అన్నీ అయిపోతాయి అంటున్నారు. బెయిల్ వచ్చేలోపు కాలు పోతే?

జైల్లో ఉన్న మనిషి వైద్యానికి చట్టప్రకారం జవాబుదారీ ఎవరు? సూపరింటెండెంటా, డాక్టరా, పోలీసులా, కోర్టా? మేం ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

కోర్టు_వరండా:

ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదండి. నేను మేజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చేస్తాను, మీరు చెప్పినలాంటి పరిస్థితి మాకు చాలా తరచుగా ఎదురవుతుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మనిషి ఎవరి కస్టడీలో ఉంటే అతని ఆరోగ్యం బాధ్యత వాళ్లదే. ఇది మంచితనం మీద వదిలేసిన విషయం కాదు, సెక్షన్‌లో రాసి ఉంది. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 55ఏ, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 56: నిందితుణ్ణి కస్టడీలో పెట్టుకున్నవాళ్లు అతని ఆరోగ్యం, భద్రత విషయంలో తగిన జాగ్రత్త తీసుకోవడం వాళ్ల విధి. మీ చిన్నాన్న ఇప్పుడు జ్యుడీషియల్ కస్టడీలో ఉన్నారు. అంటే రిమాండ్ చేసింది కోర్టు, మనిషిని పెట్టుకుంది జైలు సూపరింటెండెంట్, సూపరింటెండెంట్ వెనక ఉన్నది రాష్ట్ర ప్రభుత్వం. ఏఆర్ వాళ్లు కూడా ఆ ప్రభుత్వంలో భాగమే. జైళ్ల శాఖ, పోలీసు శాఖ రెండూ హోం శాఖ కిందివే కదా, ఒక శాఖ ఇంకో శాఖ మీద చెప్పుకుంటే అది వాళ్ల ఇంటి గొడవ, మీ చిన్నాన్న కాలికి దానితో సంబంధం లేదు. ఎస్కార్ట్ లేకపోవడం ఒక ఇబ్బంది కావచ్చు గానీ చట్టం ముందు అది జవాబు కాదు. 1996లో పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక కూలీని బెడ్లు లేవని ప్రభుత్వాసుపత్రులు వరసగా తిప్పి పంపితే, సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 (ప్రాణ హక్కు) ఉల్లంఘనే, డబ్బు లేదు అనే సాకు చెల్లదు అని సుప్రీంకోర్టు తేల్చి పరిహారం ఇప్పించింది. బయట తిరిగే మనిషి విషయంలోనే అలా అన్నప్పుడు తాళం వేసి పెట్టిన మనిషి విషయంలో వేరే మాట ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి, ఇది చాలామంది వకీళ్లు కూడా వాడుకోరు. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్‌లో సెక్షన్ 37 ప్రకారం ఖైదీ డాక్టర్ని చూడాలని అడిగినా, చూడటానికి ఒంట్లో బాగోనట్టు కనిపించినా, అక్కడ డ్యూటీలో ఉన్న ఉద్యోగి ఆలస్యం లేకుండా జైలర్‌కి చెప్పాలి. దాని వెంటే ఉన్న సెక్షన్ 38 ఇంకా ముఖ్యం. మందుల చీటీలు కాకుండా డాక్టర్ ఇచ్చిన ప్రతి ఆదేశమూ ఖైదీ హిస్టరీ టికెట్‌లో, అంటే జైల్లో అతని పేరున ఉండే రికార్డులో, ఏ రోజుది ఆ రోజు ఎక్కాలి. ప్రతి ఆదేశం ఎదుట అది అమలైందా లేదా అని జైలర్ రాసి తేదీ వేయాలి. అంటే సర్జన్‌కి చూపించండి అని డాక్టర్ రాసినది నిజమైతే, దాని ఎదుట అమలు కాలేదు అని, ఫలానా తేదీ అని జైలర్ చేతిరాత ఉండాలి. ఉంటే మీకు సాక్ష్యం. లేకపోతే ఆ ఖాళీయే మీకు సాక్ష్యం. బాధ్యత ఎవరిదని అడిగారు కదా, దానికి జవాబు ఆ కాగితం మీద ఉంటుంది, దాన్ని కోర్టు ముందుకి రప్పించాలి.

కాబట్టి బెయిల్ పిటిషన్‌తో ముడిపెట్టకుండా వైద్యం కోసం విడిగా ఇంకో పిటిషన్ వేయమని మీ వకీలు గారికి చెప్పండి. రిమాండ్ చేసిన కోర్టులోనే వేయాలి. అందులో ఆయన్ని ఫలానా తేదీలోపు ప్రభుత్వాసుపత్రి సర్జరీ విభాగంలో చూపించమని సూపరింటెండెంట్‌కి ఆదేశం అడగండి, అదే పిటిషన్‌లో ఎస్కార్ట్ ఇవ్వమని ఎస్పీకి కూడా ఆదేశం అడగండి. ఈ రెండోది మర్చిపోతే ఆర్డర్ చేతిలో ఉన్నా పాత కథే మళ్లీ మొదలవుతుంది. హిస్టరీ టికెట్, షుగర్ చార్టు, డాక్టర్ రిఫరల్, ఎస్కార్ట్ కోసం రాసిన లేఖ కోర్టుకి పంపించమని కూడా అడగండి. పాత ప్రిస్క్రిప్షన్లు, ఇంతకు ముందు చూసిన డాక్టర్ రిపోర్టులు ఉంటే జతచేయండి. వకీలు గారు నాలుగు రోజులు ఆగుదాం అంటే ఆగొద్దు. షుగర్ కాలి పుండు అంతకాలం ఆగదు.

రిమాండ్ పొడిగింపుకి వీడియోలో చూపిస్తారు కదా, ఆ రోజు మీ చిన్నాన్నే నోరు తెరిచి అయ్యా నాకు కాలు కుళ్లిపోతోంది, డాక్టర్ రాసినా తీసుకెళ్లట్లేదు అని చెప్పాలి. కెమెరా ముందుకి పాదం పెట్టి చూపించమనండి. చాలామంది సిగ్గుపడి, భయపడి బాగున్నానండి అనేస్తారు, అది రికార్డు అయిపోతుంది.

నిజం_నిష్ఠురం:

నా మాట నచ్చకపోవచ్చు. అవతల ఇద్దరికి తలలు పగిలాయి అని మీరే రాశారు. వాళ్ల ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? మా ఊళ్లో ఏ కేసూ లేని ముసలాళ్లు ప్రభుత్వాసుపత్రి వరండాలో చాప మీద పడుకుని డాక్టర్ కోసం చూస్తారు. వాళ్లకి పోలీసు బండీ లేదు, కోర్టు ఆర్డరూ లేదు. లోపల ఉన్నవాళ్లకి మన పన్నుల డబ్బుతో స్పెషల్‌గా ఎందుకు చేయాలి అన్నది నాకు అర్థం కాదు.

కోయిలకుంట్ల_రోడ్డు:

@నిజం_నిష్ఠురం, మీ ఊరి ముసలాళ్ల గురించి మీ బాధ నిజమైనదే, దాని గురించి విడిగా పోట్లాడాల్సిందే. కానీ తేడా చూడండి. వరండాలో చాప మీద ఉన్న పెద్దాయన అక్కడ కుదరకపోతే లేచి ఇంకో ఆసుపత్రికి వెళ్లొచ్చు, అప్పు చేసి ప్రైవేటుకి వెళ్లొచ్చు, కొడుకు ఆటోలో వేసుకుని తీసుకెళ్లొచ్చు. జైల్లో ఉన్న మనిషికి ఇవేవీ లేవు. ఇల్లు అమ్మి వైద్యం చేయించుకుంటాను అన్నా గేటు దాటలేడు. తన వైద్యం తాను చూసుకునే వీలు మొత్తం ప్రభుత్వం లాక్కుంది, లాక్కున్నాక ఆ పని ప్రభుత్వమే చేయాలి. పైగా ఆయన రిమాండ్ ఖైదీ, తప్పు చేశాడని ఇంకా ఎవరూ తేల్చలేదు. 2022 చివరికి దేశంలో జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. శిక్ష పడినవాడికైనా కోర్టు వేసింది జైలు శిక్ష, కాలు తీసేసే శిక్ష కాదు.

ఇందులో మన వాళ్ల కేసే ఒకటుంది, దేశమంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. మాది ఆ ప్రాంతమే. 1977 మే నెలలో కోయిలకుంట్ల సబ్ జైలు మీద రాత్రి పూట బాంబులు వేశారు. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. లోపల రిమాండ్‌లో చల్లా చిన్నప్ప రెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి ఉన్నారు. తండ్రి చనిపోయారు, కొడుకు గాయాలతో బయటపడ్డారు. మా మీద దాడి జరగొచ్చు, కాపలా పెంచండి అని వాళ్లు ముందే చెప్పుకున్నా సరైన కాపలా పెట్టలేదు. కొడుకు ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేస్తే, జైళ్లు నడపడం సార్వభౌమాధికార పని, అందులో జరిగినదానికి ప్రభుత్వం మీద దావా చెల్లదు అని వాదించారు. కింది కోర్టు దావా కొట్టేసింది. 1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదనని తోసేసి పరిహారం ఇవ్వమంది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది, 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు చెప్పిందే ఖాయం చేసింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు పోవు, ప్రాణం కాపాడటంలో నిర్లక్ష్యం చేస్తే సార్వభౌమాధికారం అనే డాలు అడ్డుపెట్టుకోవడం కుదరదు అన్నది దాని సారాంశం. అది వైద్యం కేసు కాదు, కాపలా కేసు. కానీ సూత్రం ఒకటే. నువ్వు తాళం వేసి పెట్టిన మనిషికి నీ అశ్రద్ధ వల్ల ప్రాణం మీదికొస్తే జవాబు నువ్వే చెప్పాలి.

ఇరవై మూడేళ్లు పట్టింది ఆ మాట చివరిదాకా నిలబడటానికి. అందుకే తుంగభద్ర గారూ, పరిహారం సంగతి తర్వాత, ముందు కాలు కాపాడుకునే పని చూడండి.

మందుల_గది:

అమ్మాయ్, నేను జైళ్లలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. లోపల ఎలా నడుస్తుందో చెప్తాను, దాన్నిబట్టి నీకే తెలుస్తుంది ఎక్కడ నొక్కాలో.

చాలా జైళ్లలో డాక్టర్ ఆరోగ్య శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వస్తాడు. చిన్న సబ్ జైళ్లలో ఆ మాత్రం కూడా ఉండదు, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి డాక్టర్ వీలున్నప్పుడు వచ్చి చూసిపోతాడు. డాక్టర్ రాయగలడు, బండి ఎక్కించలేడు. బండి ఎక్కించాల్సింది జైలు ఆఫీసు, కాపలా ఇవ్వాల్సింది ఏఆర్. వాళ్ల దగ్గర నిజంగానే మనుషులు తక్కువ, ఆ రోజు కోర్టు వాయిదాలకి తీసుకెళ్లాల్సినవాళ్లు ఉంటే వాళ్లకే ముందు ఇస్తారు, ఎందుకంటే వాయిదాకి తీసుకెళ్లకపోతే జడ్జి గారు మెమో ఇస్తారు. ఆసుపత్రికి తీసుకెళ్లకపోతే అడిగేవాడు లేడు. అందుకే పైన వకీలు గారు చెప్పినట్టు కోర్టు ఆర్డర్ ఉంటే నీ చిన్నాన్న పేరు కూడా వాయిదాల వాళ్ల వరసలోకి వస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏఆర్ కోసం చూడకుండా జైలు సిబ్బందినే తోడిచ్చి పంపిన సూపరింటెండెంట్లని నేను చూశాను. చేయాలనుకుంటే దారి ఉంటుంది.

ఇన్సులిన్ సంగతి అడిగి తెలుసుకో. సూదులు ఖైదీ దగ్గర ఉంచరు, పొద్దున సాయంత్రం మందుల గదిలో వేస్తారు. జైల్లో రాత్రి భోజనం పెందలాడే ఇచ్చేసి బ్యారక్ తాళం వేస్తారు. సాయంత్రం ఇన్సులిన్ వేసి, భోజనం దగ్గర పెట్టి, ఆయన తర్వాత తిందాంలే అని పక్కన పెడితే మధ్యలో షుగర్ పడిపోతుంది. తిన్నా కూడా మళ్లీ పొద్దున దాకా ఏమీ ఉండదు, తెల్లవారుజామున చెమటలు పట్టి తూలిపోయినవాళ్లని ఎంతోమందిని చూశాను. రాత్రి బ్యారక్ బయట ఉండేది వార్డర్ ఒక్కడే, అతనికి అది షుగర్ పడిపోవడమో నిద్రమత్తో తెలియదు. కాబట్టి రాత్రికి బిస్కెట్లో పంచదారో దగ్గర ఉంచుకునేలా డాక్టర్ చేత రాయించుకోమను. పక్కన పడుకునేవాడికి కూడా విషయం చెప్పి ఉంచమను. బ్యారక్‌లో కాపాడేది పక్కవాడే.

ఇంకోటి, లోపలికి తీసుకున్న రోజు డాక్టర్ పరీక్ష చేసి ఒంటి మీద గాయాలు, గుర్తులు రిజిస్టర్‌లో రాయాలి, ప్రిజన్స్ యాక్ట్ సెక్షన్ 24లో ఉంది. ఆ రోజు కాలి పుండు ఎంత ఉందని రాశారో బయటికి తీయించు. చిన్న పుండు అని రాసి ఉంటే ఇప్పుడున్న దానికీ దానికీ తేడా ఎక్కడ పెరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పుండే లేదని రాసి ఉంటే అసలు పరీక్షే చేయలేదన్నమాట.

మందులు బయటి నుంచి తెచ్చి గేటు దగ్గర ఇస్తే తీసుకోరు. డాక్టర్ చీటీ, కొన్న బిల్లు, సీలు తీయని డబ్బా పెట్టి, సూపరింటెండెంట్ పేరున అర్జీ రాసి ఇవ్వు, డాక్టర్ చూసి అనుమతిస్తే మందుల గదికి వస్తాయి. ఇన్సులిన్ అయితే ఐస్ ప్యాక్‌లో పెట్టి తీసుకెళ్లు, గేటు దగ్గర ఎండలో గంటలు పడితే పాడైపోతుంది. అర్జీ రెండు కాపీలు రాసి ఒకదాని మీద స్టాంపు వేయించుకో. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపు. నోటితో అడిగినవి లోపల ఒక్కటీ నిలవవు తల్లీ, సెలవు మీద ఒకరు వెళ్లి ఇంకొకరు వస్తే మొత్తం మొదటి నుంచి చెప్పుకోవాలి.

తుంగభద్ర_తీరం:

అందరికీ చాలా థాంక్స్ అండి. పిటిషన్ వేయమని వకీలు గారితో మాట్లాడాను, రేపు వేస్తామన్నారు. ఇంకో మూడు సందేహాలున్నాయి. ఒకటి, మా పిన్ని బాగా భయపడుతోంది, కంప్లైంట్ పెడితే లోపల ఆయన్ని ఇబ్బంది పెడతారేమో అని. రెండోది, మా ఖర్చుతో ప్రైవేటు ఆసుపత్రిలో చూపించడం కుదురుతుందా? మూడోది అడగడానికి కూడా నోరు రావట్లేదు. ఒకవేళ జరగరానిది జరిగితే మేం ఏం చేయాలి?

ఉప్పుటేరు:

పిన్ని గారి భయం నాకు బాగా తెలుసమ్మా, మా ఆయన రిమాండ్‌లో ఉన్నప్పుడు నేనూ అలాగే నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయనకి ఫిట్స్, లోపల మాత్రలు సరిగ్గా ఇవ్వలేదు. చివరికి జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ సెక్రటరీ అంటే జడ్జి గారే, వాళ్లకి జైలు తనిఖీకి వెళ్లే అధికారం ఉంటుంది. నేను పేరు పెట్టి ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు, మా ఆయనకి ఫలానా జబ్బు, ఫలానా మాత్ర మానకూడదు అని రాసిచ్చాను. వాళ్లు వెళ్లి ఖైదీలందరితో మాట్లాడుతున్నట్టే మాట్లాడి ఆయన సంగతి కూడా రాసుకొచ్చారు. ఆ తర్వాత మాత్రలు రోజూ అందాయి, ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. జడ్జి గారి కన్ను పడిన ఖైదీ జోలికి అంత తేలిగ్గా ఎవరూ పోరు. చడీచప్పుడు లేకుండా ఉన్నవాళ్లకే ఎక్కువ ప్రమాదం.

జైల్లో ఉన్నవాళ్లకి డబ్బున్నా లేకపోయినా అక్కడ ఉచితంగా వకీల్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

కోర్టు_వరండా:

ఉప్పుటేరు గారు చెప్పింది అక్షరాలా నిజం. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ సెక్షన్ 12 కింద కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ ఆ సాయం హక్కు. జిల్లా జడ్జి అధ్యక్షతన విచారణ ఖైదీల సమీక్ష కమిటీ కూడా ఉంటుంది, ప్రత్యేక వైద్యం అవసరమైన అనారోగ్యవంతుల కేసులు అది చూడాలి. మీ చిన్నాన్న పేరు అక్కడికి పంపమని ఆ అర్జీలోనే రాయండి.

ప్రైవేటు ఆసుపత్రి సంగతి. జైలు వాళ్లు సొంతంగా పంపరు, కోర్టు అనుమతి కావాలి. ప్రభుత్వాసుపత్రిలో ఆ వైద్యం లేదనో, ఆలస్యమవుతుందనో చూపిస్తే సొంత ఖర్చు మీద అనుమతించిన ఆర్డర్లు ఉన్నాయి. కానీ ముందే దానికోసం పట్టుబడితే ప్రభుత్వ న్యాయవాది ప్రభుత్వ సర్జన్ ఉన్నాడు కదా అంటారు, దాని మీద వాదనలకే వారం పోతుంది. ముందు ప్రభుత్వ సర్జన్‌కి చూపించండి, రక్తనాళాల డాక్టర్ అక్కడ లేరని ఆయనే రాస్తే ఆ కాగితంతో పెద్దాసుపత్రికో ప్రైవేటుకో అడగండి.

బెయిల్ పిటిషన్‌లో అనారోగ్యం గురించి ఒక్క లైను ఉండి ఉంటుంది, అది సరిపోదు. బీఎన్‌ఎస్‌ఎస్ 480లో జీవిత ఖైదు పడే నేరాల్లో కూడా అనారోగ్యంతో ఉన్నవాళ్లకి బెయిల్ ఇవ్వొచ్చని మినహాయింపు ఉంది. మీది హత్యాయత్నం సెక్షన్ కాబట్టి మేజిస్ట్రేట్ వెనకాడితే సెషన్స్ కోర్టులో మధ్యంతర వైద్య బెయిల్ అడగండి. 2023 అక్టోబర్ 31న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉన్న చంద్రబాబు నాయుడు గారికి కంటి ఆపరేషన్ కోసం 4 వారాల మధ్యంతర బెయిల్ ఇచ్చింది. తలోజా జైల్లో ఉన్న వరవరరావు గారికి 2021 ఫిబ్రవరి 22న బాంబే హైకోర్టు 6 నెలలు ఇచ్చింది, 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాల మీదే బెయిల్ ఇచ్చింది. ఆ కేసుల రాజకీయం నాకు అవసరం లేదు. పేరున్నవాళ్లకి వర్తించిన ఆర్టికల్ 21 మీ చిన్నాన్నకీ అంతే వర్తిస్తుంది, తేడా అంతా వాళ్ల వకీళ్లు మెడికల్ రిపోర్టుల కట్ట పెట్టి వాదించడంలో ఉంది. ఆ కట్ట మీరూ తయారు చేయండి. జైలు రికార్డు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి, మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలని సెక్షన్ 7లో ఉంది. వైద్య వివరాలు వ్యక్తిగతం అని తిప్పి పంపకుండా మీ చిన్నాన్న సంతకంతో సమ్మతి పత్రం జతచేయండి.

మూడో ప్రశ్న. అడగడం తప్పు కాదు, తెలిసి ఉండటం మంచిదే. జైల్లో గానీ, జైలు నుంచి తీసుకెళ్లిన ఆసుపత్రిలో గానీ ఖైదీ చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 196. కుటుంబానికి తెలియజేసి విచారణలో ఉండనివ్వాలి. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి సమాచారం వెళ్లాలి. పోస్ట్‌మార్టం వీడియో తీయమని రాతపూర్వకంగా అడగాలి. సహజ మరణం అని రాసిన కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకూడదు. 2022లో దేశంలో జైళ్లలో 1,995 మంది చనిపోతే అందులో 1,773 సహజ మరణాలుగా లెక్కల్లోకి ఎక్కాయి. వేళకి వైద్యం అందక చనిపోతే దాన్ని సహజం అంటారా అసహజం అంటారా అని 2017 సెప్టెంబర్ 15న జైళ్ల పరిస్థితుల మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టే ప్రశ్నించింది. పరిహారం కోసం హైకోర్టులో ఆర్టికల్ 226 కింద రిట్ (హక్కుల కోసం ప్రభుత్వం మీద నేరుగా వేసే పిటిషన్) వేయొచ్చు, కస్టడీ మరణానికి రిట్‌లోనే డబ్బు ఇప్పించవచ్చని 1993లో నీలబతి బెహెరా కేసులో తేలింది. వినియోగదారుల ఫోరం దారి పట్టకండి, అందరికీ ఉచితంగా చేసే వైద్యం ఆ చట్టం కిందికి రాదు. డాక్టర్ మీద క్రిమినల్ కేసు కూడా అంత తేలిక కాదు, 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు తర్వాత ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి. పైగా మీ విషయంలో డాక్టర్ రాశాడు, తీసుకెళ్లనిది వేరేవాళ్లు.

ఇవన్నీ దాచుకోండి, అవసరం రాకూడదు. రేపు పిటిషన్ వేసేటప్పుడు అర్జెంట్ మెమో కూడా పెట్టమనండి, లేకపోతే రెగ్యులర్ నంబరు పడి వచ్చే వారానికి పోతుంది. మేజిస్ట్రేట్ గారు సెలవులో ఉంటే ఇన్‌చార్జి కోర్టు ఏదో పొద్దున్నే కనుక్కోండి. ఆర్డర్ వచ్చాక కాపీ కోసం ఆగకుండా, కోర్టు నుంచి జైలుకీ ఎస్పీ ఆఫీసుకీ అదే రోజు మెయిల్ వెళ్లేలా బెంచ్ క్లర్క్ దగ్గర నిలబడి చూసుకోండి, మీ తమ్ముణ్ణి ఏఆర్ ఆఫీసు దగ్గర ఉండమనండి.